పిల్లికి కూడా డాక్టరా?

మా నర్సింగ్ విభాగం తరఫున బి.పి., షుగరు, బాలింతల ఆహారం వంటి విషయాలు ఈ పేజీలో రాస్తూ వస్తున్నాము. ఈసారి ఇంట్లో తిరిగే పిల్లి గురించి, దానికి చేయించవలసిన వైద్యం గురించి రాస్తున్నాము. మనుషుల ఆసుపత్రి పత్రికలో పిల్లి సంగతి ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. దయచేసి చివరి వరకు చదవండి.

ఈ మధ్య ఒక సోమవారం ఉదయం మా ఇంజక్షన్ గది బయట బెంచీ మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చున్నారు. ఒకామె పల్లె నుండి వచ్చిన నాయనమ్మ. ఒళ్ళో ఆరేళ్ళ మనవడు. మూడు రోజుల క్రితం వాడు పిల్లికూనను తోక పట్టుకుని లాగితే, తల్లిపిల్లి వచ్చి చెయ్యి గీరి, కొరికింది. ఇంటి దగ్గర పసుపు, సున్నం కలిపి పూశారు. చెయ్యి వాచి, జ్వరం వచ్చిన తరువాత మా దగ్గరకు తెచ్చారు.

రెండవ ఆమె రిటైరయిన టీచరు గారు. ఆమెకూ పిల్లి గీరినదే. తెల్లవారుజామున గీరితే ఎనిమిది గంటలకల్లా వచ్చేశారు. చేతిసంచిలో పిల్లి టీకాల కార్డు కూడా తెచ్చుకున్నారు. ఆ కార్డు చూసి నాయనమ్మకు నవ్వు ఆగలేదు.

"పిల్లికి కూడా డాక్టరా అమ్మా? ఈనలేక అవస్థ పడే గేదెకే డాక్టరు దొరకక చస్తున్నాం మేము."

టీచరు గారికి కోపం వచ్చింది. "పిల్లిని పెంచుకుంటూ టీకా వేయించకపోతే ఎలా పెద్దమ్మా? పిల్లవాడి మీదికి తెచ్చుకున్నారు చూడండి."

"మేమేం పెంచుకోలేదమ్మా. అదే వచ్చి ఉంది. మా దొడ్లో ఈనింది. వెళ్ళగొట్టమంటావా?" అన్నది నాయనమ్మ. అంటూనే కళ్ళు తుడుచుకుంది. మనవడి చెయ్యి చూసి ఆమె అప్పటికే భయపడి ఉంది.

మా సిస్టర్ ఒకామె మధ్యలో వెళ్ళి ఇద్దరినీ సముదాయించింది. ఆ రోజు డ్యూటీ అయిన తరువాత మేమందరం ఆ మాటల గురించే మాట్లాడుకున్నాము. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇద్దరికీ తెలియవలసినదీ కొంత ఉంది. అందుకే ఈ వ్యాసం.

పల్లె ఆలోచన, పట్నం ఆలోచన

పల్లెలో పిల్లి ఫలానా వారిది అని చెప్పడం కష్టం. ధాన్యం బస్తాల దగ్గర ఎలుకలు చేరితే అదే వస్తుంది. ఇంత మజ్జిగన్నమో, చేప తలకాయో వేస్తే ఉంటుంది. లేకపోతే పక్కింటికి పోతుంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మనకు సామెత ఉండనే ఉంది. ఏడిళ్ళు తిరిగే ప్రాణిని ఏ ఇంటివారు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి? పశువుల డాక్టరు గారు వస్తే పాడిగేదెకు, ఎద్దుకు, మేకలకు చూపించుకుంటారు. వాటితో ఇల్లు గడుస్తుంది. పిల్లి చనిపోతే ఆ నష్టం ఏ లెక్కలోకీ రాదు. పైగా ఎదురొస్తే అపశకునమని అదిలించేవారు కూడా ఉన్నారు. ఇలా ఆలోచించేవారు కఠినులు కారు. కూలి డబ్బులు లెక్క పెట్టుకుని బతికే ఇంట్లో ముందు పిల్లల ఫీజు, తరువాత గేదె దాణా, ఆ తరువాతే మిగిలినవి.

పట్నంలో సంగతి వేరు. అక్కడ పిల్లి అపార్టుమెంటులో ఉంటుంది, బయటికి పోదు. పిల్లలు ఉద్యోగాల మీద దూరంగా ఉన్న ఇంట్లో పెద్దవారికి అదొక్కటే అలికిడి. మా వార్డులో చేరిన ఒక పెద్దాయన ప్రతి పూటా ఇంటికి ఫోన్ చేసి మొదట పిల్లి తిన్నదా అని అడిగేవారు. అటువంటివారు ఏడాదికొకసారి పిల్లిని తీసుకువెళ్ళి పరీక్ష చేయిస్తారు. అమెరికాలో ఉన్న కొడుకు పిల్లికి ఇన్సూరెన్సు కట్టామని చెప్తే ఇక్కడి అమ్మానాన్నలు ఆశ్చర్యపోతారు. కానీ అక్కడ చాలా రాష్ట్రాలలో పిల్లికి రేబిస్ టీకా చట్టప్రకారం తప్పనిసరి.

పట్నంలో అందరూ ఒకేలా ఉంటారని కూడా కాదు. ఒకరు పిల్లి తుమ్మితే ఆటో పిలుస్తారు. ఇంకొకరు గడప దాటని పిల్లికి టీకా ఎందుకంటారు. మరొకరు తెలిసిన మెడికల్ షాపులో మనుషుల మందు కొని సగం మాత్ర వేస్తారు. ఈ మూడవ పద్ధతి అన్నిటికంటే ప్రమాదమైనది. దాని గురించి కింద రాస్తాము.

మేము చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పేముందు మా సంగతి చెప్పుకోవడం న్యాయం. కొన్నేళ్ళ క్రితం మా నర్సుల హాస్టల్ వంటగదిలో ఒక గండుపిల్లి ఉండేది. బియ్యం మూటల దగ్గర ఎలుకలు లేకుండా చూసేది. నైట్ డ్యూటీ నుండి వచ్చే సిస్టర్లకు మెట్ల మీద ఎదురొచ్చేది.

ఒకరోజు అది మూలన కూర్చుని పదేపదే ముక్కడం చూశాము. విరేచనం కావడం లేదనుకున్నాము. ఆముదం పట్టమని వంటావిడ చెప్పింది. కొత్తగా చేరిన ఒక స్టూడెంట్ మాత్రం, "మేడమ్, పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్దామా?" అని అడిగింది. మేము నవ్వాము. వార్డులో పని పెట్టుకుని పిల్లిని చంకనెత్తుకుని పోతావా అన్నాము. రెండవ రోజు అది తిండి మానేసింది, వాంతులు చేసుకుంది. మూడవ రోజు ఆ అమ్మాయే తన సెలవు రోజున అట్టపెట్టెలో పెట్టి తీసుకువెళ్ళింది.

అక్కడి డాక్టరు గారు పొత్తికడుపు తడిమి చూసి, మూత్రం బిగిసిపోయిందని, మూత్రాశయం రాయిలా గట్టిపడి ఉందని చెప్పారట. సన్నని గొట్టం వేసి మూత్రం తీశారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ రాత్రి అది చనిపోయింది. "మొదటి రోజే తెస్తే బతికేదమ్మా" అన్నారట ఆయన.

ఆపరేషన్ అయిన ప్రతి పేషెంటు మంచం దగ్గర మూత్రం ఎంత వచ్చిందో గంటగంటకూ రాసేవాళ్ళం మేము. కాస్త తగ్గితే డాక్టరు గారికి ఫోన్ చేస్తాము. అటువంటి మేము మా కాళ్ళ దగ్గర తిరిగే ప్రాణికి మూత్రం రావడం లేదని మూడు రోజులు గమనించలేదు. మాకు తెలియక జరిగినది కాదు. పిల్లి విషయంలో ఆ తెలివి వాడాలని మాకు తోచలేదు, అంతే. ఆ స్టూడెంట్ ముందు మేము ఆ రోజు తల దించుకున్నాము.

మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. ఇసుక వంటి పొడి, జిగురు చేరి అది మూసుకుపోవచ్చు. అప్పుడు రక్తంలో చేరవలసినవి కాని పదార్థాలు చేరి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. గండుపిల్లి పదేపదే ముక్కుతూ మూత్రం పోయకపోతే అది అత్యవసరమని, ఆ పూటే తీసుకువెళ్ళాలని ఆనాడే మేము నేర్చుకున్నాము.

పిల్లి జబ్బును దాచుకుంటుంది

కుక్కకు బాగా లేకపోతే మూలుగుతుంది, మన దగ్గరకు వస్తుంది. పిల్లి అలా చేయదు. నొప్పి వస్తే మంచం కిందో, బీరువా వెనుకో చేరి ఊరుకుంటుంది. అందుకే చాలామంది "నిన్నటి వరకు బాగానే ఉంది" అంటారు. కింద చెప్పిన గుర్తులు కనిపిస్తే పశువైద్యునికి చూపించాలి.

1. ఇసుకలోకి పదేపదే వెళ్ళి ముక్కడం, మూత్రం రాకపోవడం, మూత్రంలో రక్తం.
2. ఒక రోజుకు మించి ఏమీ తినకపోవడం. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకుపోయి మరొక జబ్బు మొదలవుతుంది.
3. నోరు తెరిచి రొప్పడం. కుక్క రొప్పడం మామూలే. పిల్లి కూర్చున్న చోట రొప్పుతుంటే ఊపిరితిత్తుల్లోనో, గుండెలోనో ఏదో ఇబ్బంది ఉన్నట్లు.
4. కూనలకు ఆగని వాంతులు, విరేచనాలు, నీరసం. పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధి ఇలాగే మొదలై ఒక ఈతలోని కూనలన్నిటినీ తీసుకుపోతుంది. దీనికి టీకా ఉంది. సుమారు ఎనిమిది వారాల వయసు నుండి వేస్తారు.
5. ఒళ్ళు నాకడం మానేయడం, వెంట్రుకలు ఉండలు కట్టడం, చీకటిలో దాక్కోవడం.
6. ముసలి పిల్లి నీళ్ళు ఎక్కువగా తాగుతూ చిక్కిపోవడం. మనుషులకు వచ్చినట్లే పిల్లికి కూడా కిడ్నీ జబ్బు, షుగరు వస్తాయి.
7. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో పిల్లి ఉన్నట్టుండి నీరసించడం, ముక్కు నుండి లేదా చిగుళ్ళ నుండి రక్తం కారడం. మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి విషం ఎక్కవచ్చు.

ఇవేవీ లేకుండా హాయిగా తిరిగే పిల్లిని కూడా ఏడాదికొకసారి చూపిస్తే మంచిదే. ఆ వీలు లేనివారు కనీసం ఈ గుర్తులు గుర్తు పెట్టుకోండి.

పిల్లి కరిచినా, గీరినా

కుక్క కరిస్తే అందరూ పరుగున వస్తారు. పిల్లి గీరితే టి.టి. ఇంజక్షన్ చాలనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. రేబిస్ క్రిమి జబ్బుపడిన జంతువు ఉమ్మిలో ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కుక్కల నుండే వస్తుంది. కానీ ఆ కుక్క కరిచిన పిల్లికీ వస్తుంది, పిల్లి నుండి మనకూ వస్తుంది. లక్షణాలు బయటపడిన తరువాత మనిషిని కాపాడడం దాదాపు అసాధ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు. వారిలో మూడవ వంతుకు పైగా మన దేశంవారే. సమయానికి టీకా వేయించుకుంటే ఈ మరణాలను ఆపవచ్చు.

పిల్లి పళ్ళు సూదుల్లా ఉంటాయి. పైకి చిన్న చుక్కలా కనిపించినా గాయం లోతుగా దిగుతుంది. అందుకే ఒకరోజు గడిచేసరికి వేలు వాచి చీము పడుతుంది. ఆ మనవడికి జరిగినది ఇదే.

వెంటనే చేయవలసినవి:

1. గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. బోరింగు దగ్గరైనా, కుళాయి దగ్గరైనా ఫరవాలేదు. ఇది అన్నిటికంటే ముఖ్యం.
2. పసుపు, సున్నం, కారం, ఆకుపసరు, నూనె పూయవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు.
3. అదే రోజున ఆసుపత్రికి రండి. రక్తం రాని చిన్న గీత అయినా డాక్టరు గారికి చూపించండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేయవలసి ఉంటుంది.
4. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజులలో వేస్తారు. కండలోకి వేసేది అయితే వీటికి తోడు 14వ రోజున కూడా వేస్తారు. మధ్యలో మానవద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితంగా వేస్తారు.
5. పిల్లిని చంపవద్దు, తరిమివేయవద్దు. పది రోజులు కనిపెట్టి చూడండి. అది దాక్కుంటూ, ఉన్నట్టుండి మీద పడుతూ, గొంతు మారి, చొంగ కారుస్తూ, మింగలేకపోతూ ఉన్నా, చనిపోయినా వెంటనే మాకు చెప్పండి. పిల్లి బాగానే ఉన్నదని మీరే ఇంజక్షన్లు ఆపవద్దు. ఆ సంగతి డాక్టరు గారు నిర్ణయిస్తారు.

పిల్లికి టీకా వేయించాము కదా అని ఆసుపత్రికి రాకుండా ఉండడం కూడా సరికాదు. కార్డు చేత పట్టుకుని వచ్చిన టీచరు గారు చేసినదే సరైన పని.

బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు అన్న భయంతో ఇప్పటికీ కొందరు గాయం దాచిపెడుతున్నారు. మేము శిక్షణలో ఉన్న రోజుల్లో ఆ ఇంజక్షన్లు మా చేతులతో వేశాము. పిల్లలను నలుగురు పట్టుకోవలసి వచ్చేది. గొర్రె మెదడు నుండి తయారయిన ఆ మందు తయారీ మన దేశంలో 2004 చివరికి ఆగిపోయింది. ఇప్పుడు వేసేవి చేతికే. ఆ పాత భయం మనసులో నుండి తీసివేయండి.

గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి

మా గర్భిణీ స్త్రీల ఓ.పి.లో తరచుగా వినే ప్రశ్న ఇది. "ఇంట్లో పిల్లి ఉంది సిస్టరమ్మా, కడుపులో బిడ్డకు ప్రమాదమట కదా, వెళ్ళగొట్టమంటున్నారు మా అత్తగారు." అత్తగారి భయంలో కొంత కారణం ఉంది. టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలో ఉండవచ్చు. గర్భిణికి అది మొదటిసారిగా సోకితే బిడ్డకు హాని కలగవచ్చు.

అయితే మొత్తం సంగతి తెలుసుకోవాలి. పిల్లి సాధారణంగా జీవితంలో మొదటిసారి ఆ క్రిమి సోకినప్పుడు మాత్రమే, ఒకటి రెండు వారాల పాటు మలంలో వదులుతుంది. ఆ మలం బయట పడిన తరువాత ఒకటి నుండి ఐదు రోజులకు గానీ అంటుకునే స్థితికి రాదు. కాబట్టి ప్రతిరోజూ ఇసుక మార్చితే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఆ పని ఇంట్లో మరొకరు చేయాలి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, వట్టి చేతులతో మట్టిపని వలన కూడా ఇదే క్రిమి సోకుతుంది. పిల్లిని వెళ్ళగొట్టి, కూరలు కడగకుండా వండుకుంటే ప్రయోజనం లేదు. ఒళ్ళో కూర్చున్న పిల్లిని నిమిరినందువలన గర్భం పోదు. గర్భం నిలవని స్త్రీని పిల్లి పేరు చెప్పి నిందించడం చాలా అన్యాయం.

పిల్లి వెంట్రుక మింగితే ఉబ్బసం వస్తుందని కూడా అంటారు. మింగినందువలన రాదు. పిల్లి ఉమ్మిలో, చర్మం పొట్టులో ఉండే ఒక పదార్థం కొందరికి పడదు. ముందే ఆయాసం ఉన్నవారికి అది ఎక్కువ కావచ్చు. అటువంటివారు పిల్లిని పడకగదిలోకి రానివ్వకుండా ఉండి, డాక్టరు గారి సలహా తీసుకోవాలి. పిల్లికి గుండ్రంగా వెంట్రుకలు రాలి, ఇంట్లో పిల్లలకు తామర వస్తుంటే మాత్రం ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయించాలి. పిల్లలకు ఎన్నిసార్లు పూతమందు రాసినా, పిల్లికి మందు వేయకపోతే తామర మళ్ళీ వస్తుంది.

మనుషుల మందులు వేయవద్దు

ఇది ప్రత్యేకంగా గమనించండి. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర దాని ప్రాణం తీయవచ్చు. మన కాలేయం ఆ మందును విరిచి బయటకు పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది, చిగుళ్ళు గోధుమ రంగుకో నీలి రంగుకో మారుతాయి, ముఖం వాస్తుంది. నొప్పికి వేసుకునే ఇతర మాత్రలు కూడా ఇటువంటివే.

మా ఓ.పి.లో గజ్జికి ఇచ్చే పెర్మెత్రిన్ పూతమందు ఇంట్లో మిగిలితే పిల్లికి రాయవద్దు. దాని వలన పిల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి. కుక్కల పేలకు అమ్మే మందులలో కొన్నిటిలో కూడా ఇదే ఉంటుంది. పసిబిడ్డకు పెద్దవారి మందు వేస్తారా? పిల్లి విషయంలోనూ అంతే. ప్రేమతో వేసినా విషం విషమే.

ఆహారం గురించి ఒక్క మాట. పెద్దపిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. వట్టి పెరుగన్నంతోనే పెంచితే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. పిల్లికి చేప, మాంసం కావాలి. ముళ్ళు, ఎముకలు తీసి ఉడికించి పెట్టండి. మంచినీళ్ళు ఎప్పుడూ ఉంచండి.

ఖర్చు మాట

"ఇవన్నీ డబ్బున్నవారికి" అని నాయనమ్మ వంటివారు అనవచ్చు. అందువలన అన్నీ చేయమని మేము చెప్పము. తక్కువలో తప్పక చేయవలసినవి మూడే.

మొదటిది రేబిస్ టీకా. మూడు నెలల వయసు దాటిన తరువాత మొదలుపెట్టి, డాక్టరు గారు చెప్పినట్లు ఏటా వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ గారు మొదటిసారి ఒక బాలునికి రేబిస్ టీకా వేయించారు. ఆ గుర్తుగా ఏటా జూలై 6న జంతువుల నుండి సోకే వ్యాధుల దినం జరుపుతారు. ఆ సమయంలో పశుసంవర్ధక శాఖవారు చాలా చోట్ల పెంపుడు జంతువులకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. మీ పశువైద్యశాలలో ముందుగా అడిగి తెలుసుకోండి. పిల్లికి వేసే ఒక టీకాతో ఇంట్లో అందరికీ రక్షణ పెరుగుతుంది.

రెండవది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. పిల్లికి కుటుంబ నియంత్రణ ఏమిటని నవ్వుతారు గానీ, ఆడపిల్లి ఐదారు నెలలకే కట్టవచ్చు. రెండు నెలలు మోసి నాలుగైదు కూనలను పెడుతుంది. ఏడాదికి రెండు మూడు ఈతలు కూడా ఈనగలదు. ఆ తరువాత జరిగేది మనందరికీ తెలుసు. గోనెసంచిలో కట్టి, రాత్రివేళ సంత దగ్గరో కాలువ గట్టునో వదిలేస్తారు. పాలు మరవని కూనలు అక్కడ ఎలా బతుకుతాయి? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, జంతువును బాధపడేలా వదిలివేయడం నేరం కూడా. ఒక్క ఆపరేషన్ చేయిస్తే ఆ సంచి అవసరం రాదు. గండుపిల్లికి చేయిస్తే పోట్లాటలు, ఇల్లు వదిలి తిరగడం తగ్గుతాయి.

మూడవది సమయానికి చూపించడం. మొదటి రోజు చూపిస్తే చిన్న మందుతో పోయేది, మూడవ రోజుకు ప్రాణం పోయేంతవరకు వస్తుంది. మా గండుపిల్లి విషయంలో ఇదే జరిగింది.

ఎలా తీసుకువెళ్ళాలి?

చాలామంది పిల్లిని తీసుకువెళ్ళకపోవడానికి అసలు కారణం డబ్బు కూడా కాదు. అది దొరకదు, దొరికితే గీరుతుంది. మూత ఉన్న వెదురుబుట్ట, లేదా గాలి ఆడే కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు రెండు ఒకదానిపై ఒకటి బోర్లించి కట్టినది సరిపోతుంది. నాలుగైదు రోజుల ముందు నుండే ఆ బుట్టను పాతగుడ్డ వేసి ఇంట్లో తెరిచి ఉంచండి. పిల్లి తనంతట తానే అందులో పడుకోవడం మొదలుపెడుతుంది. వెళ్ళేటప్పుడు పైన గుడ్డ కప్పండి. అక్కడ కుక్కలు, పశువులు ఉంటాయి కాబట్టి బుట్టను నేల మీద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకోండి. చాలా పశువైద్యశాలలలో ఉదయం వేళ రద్దీగా ఉంటుంది, డాక్టరు గారు ఊళ్ళ మీదికి కూడా వెళ్తుంటారు. ముందు ఫోన్ చేసి వెళ్తే మంచిది.

ఆ మనవడి సంగతి

మా దగ్గరకు వచ్చిన పిల్లవాడికి గాయం కడిగి, ఇమ్యునోగ్లోబ్యులిన్, మొదటి టీకా ఇచ్చారు. వాపుకు మందులు వాడారు. వచ్చిన ప్రతిసారీ మేము ముందు చెయ్యి చూసి, తరువాత "పిల్లి ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళము. మొదట్లో నాయనమ్మకు ఆ ప్రశ్న వింతగా ఉండేది. ఏడవ రోజు టీకాకు వచ్చినప్పుడు మేము అడగక ముందే చెప్పింది: "పది రోజులయింది సిస్టరమ్మా. బాగానే ఉంది. పిల్లలకు పాలిస్తోంది. రోజూ లేచి దాన్నే చూస్తున్నా."

డాక్టరు గారు మిగిలిన టీకాలు కూడా పూర్తి చేయమన్నారు. చివరి టీకాకు వచ్చిన రోజు ఆమె కాస్త సిగ్గుపడుతూ ఇంకో మాట చెప్పింది. కోళ్ళగంపలో పిల్లిని పెట్టి, పైన చీరముక్క కట్టి, పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళిందట. పిల్లికి ఆటో కిరాయా అని కొడుకు కేకలేశాడట. "వాడి చెయ్యి చూసినప్పుడు నా ప్రాణం పోయిందిరా, నూరు రూపాయలకు చూస్తావా అన్నానమ్మా" అన్నది. టీకా వేశారట. కూనలు పాలు మానిన తరువాత ఆపరేషన్‌కు తీసుకురమ్మన్నారట.

"మరి అది మీ పిల్లేనా పెద్దమ్మా?" అని మా సిస్టర్ అడిగింది.

"ఏమోనమ్మా. కార్డు మీద నా పేరే రాశారు" అన్నది.

ప్రియమైన పాఠకులారా, మీ ఇంట్లో గాని, దొడ్లో గాని ఒక పిల్లికి రోజూ ఇంత అన్నం పెడుతుంటే, ఆ పిల్లి మీదే. దానికి ఈ ఏడాది టీకా వేయించారో లేదో ఈ వారమే చూసుకోండి. వేయించినవారు వేయించని వారిని దెప్పవద్దు, ఏ ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలో చెప్పి, వీలుంటే మీ బుట్ట ఇవ్వండి. పిల్లి కరిచినా, గీరినా ఎవరి పిల్లి అన్న ప్రశ్న తరువాత. ముందు సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి రండి.